తాళం వేసిన ఫోను, అప్పివ్వని కంపెనీ

(విజయవాడలో మేనేజ్‌మెంట్ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

నమస్కారం. కూర్చోండి, కూర్చోండి. భోజనాలయ్యాక మాట్లాడటానికి నన్ను పెట్టారు. అంటే మీ మాస్టార్లకి నా మీద నమ్మకమన్నా ఎక్కువై ఉండాలి, మీ మీద కోపమన్నా ఉండి ఉండాలి. నిద్రొస్తే మొహమాటపడకండి. గురక మాత్రం పెట్టకండి, రికార్డింగులో పడుతుంది.

ఐఫోన్ వాడేవాళ్ళు చేతులెత్తండి. అబ్బో, చాలామందే. సరే, అందులో మొత్తం డబ్బు ఒకేసారి కట్టి కొన్నవాళ్ళు మాత్రమే చేతులు ఉంచండి, ఈఎంఐ వాళ్ళు దించేయండి. చూశారా? ఇద్దరు మిగిలారు. అందులో ఒకరు ప్రిన్సిపాల్ గారు.

నన్ను పిలిచినప్పుడు ప్రొడక్ట్ లాంచ్ మీద మాట్లాడమన్నారు. గెలిచిన లాంచ్‌లు మీకు క్లాసులో రోజూ చెబుతూనే ఉంటారు. నేను చప్పబడిపోయిన లాంచ్ గురించి చెబుతాను. అదీ ఏదో చిన్నాచితకా వస్తువు కాదు. ప్రపంచం మొత్తం ఎగబడి కొన్న వస్తువు. ఐఫోన్ 3జీ. అది మన దేశానికి ఎప్పుడొచ్చిందో తెలుసా ఎవరికైనా? మీరు అప్పటికి ఒకటో తరగతిలో కూడా ఉండరులెండి. 2008 ఆగస్టు 22. ముందురోజు రాత్రి పన్నెండు దాటగానే పెద్ద ఊళ్ళలో షోరూములు తెరిచి అమ్మారు. అమ్మింది ఆపిల్ కాదు. ఎయిర్‌టెల్ ఒకవైపు, వొడాఫోన్ ఒకవైపు.

ధర ఎంత? 8 జీబీ ఫోను 31,000. 16 జీబీ ఫోను 36,100. ఇద్దరి దగ్గరా ఒకటే ధర. పైగా ఎయిర్‌టెల్ దగ్గర కొన్న ఫోనులో ఎయిర్‌టెల్ సిమ్మే పనిచేస్తుంది, వొడాఫోన్ దగ్గర కొన్నదాంట్లో వొడాఫోన్ సిమ్మే పనిచేస్తుంది. తాళం వేసి అమ్మారన్నమాట.

నేను అప్పుడు ఫోన్ల డిస్ట్రిబ్యూషన్‌లో ఉన్నాను. ఈ ఫోను నా చేతుల మీదుగా అమ్మలేదు, అది ఆపరేటర్ల సరుకు, అంటే ఎయిర్‌టెల్, వొడాఫోన్ లాంటి సిమ్ కంపెనీలది. కానీ మా షాపులవాళ్ళందరి నోటా అదే మాట. ఎందుకంటే అంతకు రెండు నెలల ముందు నుంచీ జనం వేరే ధర విని ఉన్నారు. 2008 జూన్ 9న స్టీవ్ జాబ్స్ వేదిక మీద నిలబడి 199 డాలర్లు అన్నాడు. అప్పుడు డాలరు 43 రూపాయలకి అటూ ఇటూ ఉంది. హెచ్చవేయండి. ఎనిమిదిన్నర వేలు. మా దగ్గర నోకియా ఎన్-సిరీస్, అంటే నోకియాలో ఖరీదైన ఫోన్లు, కొనడానికి వచ్చినవాడు కూడా, ఎందుకండీ ఇప్పుడు, రెండు నెలలు ఆగితే ఎనిమిదిన్నర వేలకి ఐఫోనే వస్తోందిగా అని వెళ్ళిపోయేవాడు. వాళ్ళందరూ ఆగస్టు దాకా ఆగారు. ఆగాక చెవిన పడింది 31 వేలు.

ఇక తిట్లే తిట్లు. ఆపిల్‌ది దురాశ అన్నారు కొందరు. ఆపరేటర్లు మధ్యలో మింగేస్తున్నారన్నారు కొందరు. కస్టమ్స్ సుంకాలన్నారు కొందరు. ఇప్పటికీ ఎవరినడిగినా, ఇండియాలో ధర ఎక్కువ పెట్టారు, అందుకే దెబ్బతింది అంటారు. మీరూ పరీక్షలో అదే రాస్తారు. నేను చెప్పేది వేరు. ధర ఎక్కువ పెట్టలేదు. దాదాపు అందరికీ పెట్టిన ధరే మనకీ పెట్టారు. మనకి పెట్టనిది ఇంకొకటుంది. అదేంటో చెప్పడానికే ఇక్కడికొచ్చాను.

ముందు ఆ 199 డాలర్ల లెక్క చూద్దాం. అమెరికాలో ఆ ఫోను అమ్మింది ఏటీ అండ్ టీ అనే సిమ్ కంపెనీ. 199 ఇచ్చి ఫోను పట్టుకుపోవాలంటే రెండేళ్ళ ఒప్పందం మీద సంతకం పెట్టాలి. నెలకి మాటలకి తక్కువలో తక్కువ 40 డాలర్లు, ఇంటర్నెట్‌కి 30 డాలర్లు. అంటే 70. పన్నులు వేరే, ఎస్ఎంఎస్‌లకి వేరే. 70 పెట్టు 24 నెలలు. ఎంత? లెక్కల్లో చురుకైనవాళ్ళు చెప్పండి. ఆ, 1,680. దానికి 199 కలపండి. 1,879 డాలర్లు. మన డబ్బుల్లో 80 వేల పైమాట. అమెరికావాడు ఎనిమిదిన్నర వేలకి కొన్నాడని మనం ఏడ్చాం. వాడు 80 వేలు కట్టాడు. రెండేళ్ళలో కట్టాడు, నెలనెలా కట్టాడు, అందుకని వాడికి తెలియలేదు. మనకీ తెలియలేదు.

ఒప్పందం లేకుండా ఇవ్వండి అంటే అదే ఏటీ అండ్ టీ ఎంత చెప్పిందో తెలుసా? 599 డాలర్లు. దాదాపు 26 వేల రూపాయలు. అప్పుడు కూడా ఫోను తాళంతోనే. అంటే ఫోను అసలు ధర అదన్నమాట. మిగతా నాలుగు వందల డాలర్లు ఎవరు పెట్టారు? ఏటీ అండ్ టీ పెట్టింది. ఆపిల్‌కి ముందే డబ్బు కట్టేసి, కస్టమర్ దగ్గర నెలనెలా రాబట్టుకుంది.

ఇక్కడ మీలో పల్లెటూళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ఎంతమంది? ఇంట్లో పాడి ఉన్నవాళ్ళు? అయితే మీకు సులువు. పాలకేంద్రం వాళ్ళు గేదెకి అప్పిప్పిస్తారు. గేదె మీ కొట్టంలో ఉంటుంది. పాలు ఆ కేంద్రంలోనే పొయ్యాలి. పాలబిల్లులో పదిహేను రోజులకోసారి ఇంతని కోసుకుంటారు. అప్పు తీరేదాకా వేరే కేంద్రానికి పాలు పోస్తే ఊరుకుంటారా? ఊరుకోరు. ఊరుకోకపోవడం న్యాయమే కదా, గేదెకి డబ్బు పెట్టింది వాళ్ళే. ఏటీ అండ్ టీ చేసింది ఇదే. ఫోనుకి వేసిన సిమ్ తాళం ఆ అప్పుకి కాపలా.

మరి మన దగ్గర ఏం జరిగింది? గేదెని పూర్తి డబ్బు పెట్టి నువ్వే కొనుక్కో, పాలు మాత్రం నా కేంద్రంలోనే పొయ్యి అన్నారు. అర్థమైందా? అప్పు లేదు, తాళం మాత్రం ఉంది. సముద్రం అవతలి నుంచి పద్ధతి మొత్తం రాలేదు. తాళం ఒక్కటే వచ్చింది.

ధర మనకొక్కళ్ళకే ఎక్కువ పెట్టలేదు అన్నాను కదా, రుజువు అడగాలి మీరు. అడగండి. సరే, చెబుతాను. ఇటలీ ఉంది. అక్కడ కూడా జనం ఎక్కువగా ప్రీపెయిడ్డే. అక్కడ ఒప్పందం లేకుండా 8 జీబీ ఫోను 499 యూరోలు. అప్పటి మారకంలో మన 33 వేల పైచిలుకు. మనకన్నా ఎక్కువే. హాంకాంగ్ ఉంది. 2008 సెప్టెంబరులో ఆపిల్ అక్కడ నేరుగా అమ్మడం మొదలుపెట్టింది, 5,400 హాంకాంగ్ డాలర్లకి. మన డబ్బుల్లో 31 వేలకి కాస్త అటూ ఇటూ. అంటే మన ధరే. కాకపోతే ఒక్క తేడా. హాంకాంగ్‌లో ఆ డబ్బుకి ఇచ్చిన ఫోనుకి తాళం లేదు. ఏ సిమ్ వేసుకున్నా పనిచేస్తుంది. హాంకాంగ్ నుంచి వచ్చిన చుట్టాల బ్యాగుల్లో ఐఫోన్లు ఎందుకు దిగాయో ఇప్పుడు తెలిసిందిగా.

అయితే ఎయిర్‌టెల్, వొడాఫోన్లకి ఈ లెక్క తెలియదా? భేషుగ్గా తెలుసు. వొడాఫోన్ ప్రపంచమంతా ఉన్న కంపెనీ. 2008 మే నెలలో పది దేశాలకి కలిపి ఆపిల్‌తో ఒప్పందం చేసుకుంది, అందులో ఇండియా ఒకటి. ఎయిర్‌టెల్‌లో సింగపూర్ ఫోన్ కంపెనీ సింగ్‌టెల్‌కి పెద్ద వాటా ఉంది, వాళ్ళూ ఆపిల్‌తో మాట్లాడుకున్నారు. ఇద్దరికీ అప్పిచ్చి అమ్మే పద్ధతి కొట్టినపిండి. మరి ఇక్కడెందుకు ఇవ్వలేదు?

ఒక్క అంకె చెబుతాను. 2008 మధ్యలో ఎయిర్‌టెల్‌కి ఒక్కో కనెక్షను మీద నెలకి సగటున వచ్చే ఆదాయం దాదాపు 350 రూపాయలు. రెండేళ్ళకి 8,400. ఫోను మీద 20 వేలు అప్పిచ్చి, 8,400 ఆదాయంలో ఎలా రాబట్టుకుంటాడు? ఐఫోన్ కొనేవాడు సగటు మనిషి కాదు కదా సార్ అంటారు. ఒప్పుకుంటాను. నెలకి వెయ్యి బిల్లు కట్టేవాడే అనుకుందాం. రెండేళ్ళకి 24 వేలు. అందులో 20 వేలు ఫోనుకే పోతే టవరు ఎవడు నడుపుతాడు, కరెంటు బిల్లు ఎవడు కడతాడు, డీజిల్ ఎవడు పోస్తాడు?

అదీ పోనీ. అసలు నెలనెలా బిల్లు కట్టేవాళ్ళు ఎంతమంది? నూటికి తొంభై మందికి పైగా ప్రీపెయిడ్. మీకు గుర్తుండదు, 2005-06లో 999 రూపాయలకి లైఫ్‌టైమ్ కార్డులని వచ్చాయి. ఒకసారి కొంటే చాలు, ఇన్‌కమింగ్ ఎప్పటికీ వస్తూనే ఉంటుంది. తర్వాత పది రూపాయల రీఛార్జి వచ్చింది. కిళ్ళీకొట్టులో పది రూపాయలిచ్చి టాక్‌టైమ్ వేయించుకుని, అది అయిపోతే మిస్డ్‌కాల్ ఇచ్చి బతికేవాళ్ళు. మిస్డ్‌కాల్ మీద మన దేశంలో పెళ్ళిళ్ళు కుదిరాయండీ, నవ్వకండి. అలాంటి చోట రెండేళ్ళ ఒప్పందం మీద సంతకం పెట్టు అంటే ఎవడు పెడతాడు?

పెట్టినా, కట్టకపోతే ఏం చేస్తారు? ఈ అనుభవం మనవాళ్ళకి అంతకు ముందే అయింది. 2003లో రిలయన్స్ ఇన్ఫోకామ్ మాన్‌సూన్ హంగామా అని పెట్టింది. 501 రూపాయలు కట్టు, ఫోను పట్టుకెళ్ళు, మిగతాది నెలనెలా కట్టుకో. జనం విరగబడ్డారు. సెల్‌ఫోన్ అనేది సామాన్యుడి జేబులోకి వచ్చిందంటే దాంట్లో ఆ పథకానికి పెద్ద భాగమే ఉంది, ఆ గొప్ప దానికి ఇవ్వాల్సిందే. కానీ బిల్లులు కట్టకుండా ఎగ్గొట్టినవాళ్ళు కోకొల్లలు. తప్పుడు చిరునామాలు, ఇల్లు మారిపోయినవాళ్ళు. పాన్ నంబరు కొడితే మనిషి అప్పుల జాతకం బయటపడే రోజులు కావవి. ఎవరు అప్పు కట్టారో ఎవరు ఎగ్గొట్టారో రాసిపెట్టే సిబిల్ పుట్టింది కానీ ఇంకా పసిబిడ్డ. ఆధార్ ఇంకా పుట్టనే లేదు. ఆ దెబ్బ చూశాక ఆపరేటర్లందరూ ఒకటి నేర్చుకున్నారు: ముందు డబ్బు, తర్వాతే మాట. ఐదేళ్ళ తర్వాత ఐఫోన్ పట్టుకుని ఆపిల్ వచ్చినప్పుడు వాళ్ళ మనసులో ఉన్నది ఇదే. అప్పిచ్చేది లేదు. అలాగని తాళం వదిలేద్దామా? అదీ లేదు.

ఆ తాళం ఎంత ఇబ్బందో ఇప్పటివాళ్ళకి అర్థం కాదు. మీకు నంబరు మార్చకుండా కంపెనీ మారడం మామూలు. 2008లో అది లేదు. నంబర్ పోర్టబిలిటీ దేశమంతటా వచ్చింది 2011 జనవరి 20న. అంటే, మీకు ఐడియా నంబరో బీఎస్ఎన్ఎల్ నంబరో ఉందనుకోండి. ఐఫోన్ కావాలంటే 31 వేలు కట్టడంతో పోదు, మీ నంబరు కూడా వదులుకోవాలి. ఈ ఊళ్ళో 31 వేలు పెట్టి ఫోను కొనగలిగినవాడు ఎవడు? వ్యాపారస్తుడు, డాక్టరు, కాంట్రాక్టరు. వాళ్ళకి నంబరే ఆస్తి. బోర్డు మీద రాయించిన నంబరు, విజిటింగ్ కార్డు మీద వేయించిన నంబరు. అది మార్చుకుంటారా? గవర్నర్‌పేటలో ఒక మందుల హోల్‌సేలర్ నాతో అన్న మాట చెబుతాను. ఫోను కోసం నంబరు మార్చాలా బావగారూ, మా ఆవిడ ఊరుకున్నా బాకీదార్లు ఊరుకోరు అన్నాడు. బాకీదార్లు నంబరు మారితే సంతోషిస్తారేమో గానీ, ఆయన బాధ ఆయనది.

ఇప్పుడు పేరు చూడండి. ఐఫోన్ 3జీ. పేరులోనే 3జీ ఉంది, అంటే వేగంగా ఇంటర్నెట్ వచ్చే నెట్‌వర్క్. ఆ రోజు మన దేశంలో 3జీ ఎక్కడుంది? ఎక్కడా లేదు. ప్రభుత్వ కంపెనీ ఎంటీఎన్ఎల్ ఢిల్లీలో మొదలుపెట్టింది ఆ ఏడాది డిసెంబరులో. బీఎస్ఎన్ఎల్ 2009లో. ప్రైవేటు కంపెనీలకి స్పెక్ట్రమ్, అంటే 3జీ నడిపే తరంగాల హక్కు, వేలం జరిగిందే 2010లో, 34 రోజులు సాగింది. ఫోను వచ్చిన దాదాపు రెండేళ్ళకి! ఆ వేలంలో మన ఆంధ్రప్రదేశ్ సర్కిల్లో వొడాఫోన్‌కి 3జీ స్పెక్ట్రమ్ రానే లేదు. అంటే 2008లో ఇక్కడ వొడాఫోన్ తాళంతో ఐఫోన్ 3జీ కొన్నవాడు, ఆ తాళం ఉన్నంతకాలం ఈ సర్కిల్లో ఆ వేలంలో కొన్న ఆ కంపెనీ సొంత 3జీ చూసే రాత లేదు. కొన్నరోజు వాడికా సంగతి తెలిసే అవకాశమూ లేదు, పాపం.

సరే, డబ్బుంది, ఇష్టముంది, నంబరు బెంగ లేదు. అలాంటివాడు కౌంటరు దగ్గరికి వచ్చాడు. ఇక్కడ నేను కొంచెం ఆగుతాను, ఎందుకంటే ఆ కౌంటరు నాకు తెలుసు, చిన్న చిన్న షాపుల్లో ఏళ్ళ తరబడి నిలబడ్డాను. ఆ రోజుల్లో మనవాడు ఫోను ఎలా చూసేవాడు? మొదట వెనక మూత తీసి బ్యాటరీ చూసేవాడు. ఎందుకో తెలుసా? అంతకు ఏడాది ముందే, 2007 ఆగస్టులో, నోకియా బీఎల్-5సీ బ్యాటరీలు వేడెక్కి ఉబ్బుతున్నాయని కంపెనీయే ప్రకటన ఇచ్చింది. నాలుగు కోట్ల అరవై లక్షల బ్యాటరీలు. ఊళ్ళో ప్రతి ఒక్కడూ ఫోను వెనక మూత ఊడదీసి బ్యాటరీ నంబరు చూసుకున్నాడు. కొందరు భయంతో ఫోన్లు నీళ్ళ బకెట్లో పడేశారని కూడా చెప్పుకున్నారు, అది నేను కళ్ళారా చూడలేదు. అలాంటివాడి చేతిలో ఐఫోన్ పెడితే మూత కోసం గోళ్ళతో వెతికాడు. మూత లేదు. బ్యాటరీ రాదు. మరి పాడైతే? కంపెనీకి పంపాలి. అక్కడే సగం మనసు విరిగింది.

తర్వాత మెమరీ కార్డు ఎక్కడ పెట్టాలి? పెట్టే చోటు లేదు. మన దగ్గర పాటలు ఎలా ఎక్కేవి? సందు చివర కంప్యూటర్ పెట్టుకున్న కుర్రాడికి కార్డు ఇచ్చి, పాతికో ముప్ఫయ్యో చేతిలో పెడితే ఘంటసాల పాటల దగ్గర్నుంచి ఆ వారం రిలీజైన సినిమా పాటల దాకా నింపి ఇచ్చేవాడు. ఐఫోన్‌లో పాట ఎక్కాలంటే సొంత కంప్యూటర్ ఉండాలి, అందులో ఆపిల్ వాళ్ళ ఐట్యూన్స్ అనే ప్రోగ్రాము ఉండాలి. పోనీ పక్కవాడి ఫోనులో పాట ఉంది, బ్లూటూత్‌లో పంపమందాం. ఐఫోన్‌లో బ్లూటూత్ ఉంది, కానీ పాట పుచ్చుకోదు. ఇది విన్నప్పుడు జనం మొహాలు చూడాలి మీరు. 31 వేల ఫోను, బ్లూటూత్‌లో పాట రాదా? మూడు వేల చైనా ఫోనులో వస్తుందే!

ఫోటోలు పంపే ఎమ్ఎమ్ఎస్ లేదు. వీడియో తీయదు. వచ్చిన ఎస్ఎంఎస్‌ని ఇంకొకరికి ఫార్వర్డ్ చేయడం లేదు. అవును, నిజం. ఎమ్ఎమ్ఎస్, ఫార్వర్డు, కాపీ-పేస్టు ఇవన్నీ 2009 జూన్‌లో వచ్చాయి. మనమేమో సంక్రాంతికి, ఉగాదికి ఒకడు పంపిన శుభాకాంక్షలు యాభై మందికి తోసే జాతి. పండగ రోజున ఎస్ఎంఎస్ ప్యాకులు పనిచెయ్యవని ఆపరేటర్లు ముందే చెప్పేవాళ్ళు, అంత రద్దీ. అలాంటి చోట ఫార్వర్డ్ చేయని ఫోను. ఫోను మంచిదా కాదా అంటే, అద్భుతమైన ఫోను, నేనూ ఒప్పుకుంటాను. ఆ తెర మీద వేలు పెట్టి ఫోటో జరిపిన ప్రతివాడి కళ్ళూ మెరిశాయి. యాప్ స్టోర్ అప్పటికి నెలన్నర కిందటే తెరిచారు. ఇప్పుడు మీ బతుకులన్నీ అందులోనే ఉన్నాయి. కానీ కౌంటరు మీద అడిగే ప్రశ్నలకి జవాబులు అందులో లేవు. లాంచ్ చేసేవాడు ఆ కౌంటరు దగ్గర ఒక్క పూట నిలబడి ఉంటే తెలిసేది.

ఇంకో సంగతి. ఈ ఫోను నిజంగా కావాలనుకున్నవాళ్ళలో చాలామంది అప్పటికే కొనేసుకున్నారు. ఎక్కడ? హైదరాబాద్ వెళ్ళినవాడు ఆబిడ్స్ జగదీష్ మార్కెట్లో. ముంబయి, ఢిల్లీ, చెన్నైలలో అలాంటి బజార్లే. లేదంటే అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే బావమరిది తెచ్చిపెట్టేవాడు. మన తెలుగువాళ్ళకి అమెరికా బావమరుదుల కొరత ఎప్పుడూ లేదు కదా. 2007లో వచ్చిన మొదటి ఐఫోన్‌ని తాళం పగలగొట్టి, బిల్లు లేకుండా, వారంటీ లేకుండా అమ్మేవాళ్ళు. మీరే ఆలోచించండి, ఆ దొంగ సరుకులో ఏ సిమ్మైనా పనిచేస్తుంది. షోరూములో బిల్లుతో కొన్న సరుకులో ఒక్క సిమ్మే పనిచేస్తుంది. నిజాయితీగా కొన్నవాడికి తక్కువ, అడ్డదారిలో కొన్నవాడికి ఎక్కువ. ఇలాంటి ఏర్పాటు చేసిన ఏ లాంచ్ అయినా నిలబడదు. ఇది రాసుకోండి కావాలంటే.

ఇదంతా మన ఒక్క దేశం గోలేనా? కాదు. కెనడా చూడండి, డబ్బున్న దేశమే, కానీ అమ్మే కంపెనీ ఒక్కటే, రోజర్స్. మూడేళ్ళ ఒప్పందం పెట్టి, ఇంటర్నెట్‌ని పిసరంత చేసి ఇచ్చారు. యాభై వేల మందికి పైగా సంతకాలు చేసి నిరసన తెలిపారు. రోజర్స్ దిగొచ్చింది. 30 డాలర్లకి 6 జీబీ ఇస్తామంది, అదీ ఆగస్టు ఆఖరు లోపల చేరినవాళ్ళకి. కెనడావాళ్ళకి అరవడానికి ఒప్పందమన్నా ఉంది. ఆగస్టు 22నే, మనతోపాటే, పోలండ్‌లో కూడా ఆ ఫోను వచ్చింది. అక్కడ ఆరెంజ్ కంపెనీ ఏం చేసిందో తెలుసా? ఇరవై షాపుల ముందు నటుల్ని క్యూలో నిలబెట్టింది. డబ్బులిచ్చి! జనం క్యూ చూసి జనం వస్తారని. బయటపడ్డాక కంపెనీ దాచలేదు కూడా, అవును, ఆసక్తి పెంచడానికే పెట్టాం అన్నారు. మన రాజకీయ సభలకి లారీల్లో తోలుకొచ్చేవాళ్ళ దగ్గర ట్యూషన్ పెట్టించుకున్నట్టున్నారు.

ఒక ప్రశ్న అడుగుతున్నారు అక్కడ. గట్టిగా అడుగమ్మా. ఆ. అయితే ఆపిల్‌కి నష్టమేమొచ్చింది సార్, ఇప్పుడు ఇంతమంది కొంటున్నారు కదా అంటోంది. మంచి ప్రశ్న. ఆపిల్‌కి ఆ రోజు ఇండియాలో పెద్ద నష్టమేమీ రాలేదు, ఎందుకంటే మనం వాళ్ళ లెక్కలో చాలా చిన్న బజారు. కోట్ల కనెక్షన్లు ఉన్నాయి గానీ ఆ ధరకి కొనేవాళ్ళు గుప్పెడు. చిన్న బజారు కాబట్టే మన దాకా వచ్చేసరికి ఆలస్యం. ఐఫోన్ 3జీఎస్ అమెరికాలో 2009 జూన్‌లో వస్తే మన దగ్గర 2010 మార్చి. ఐఫోన్ 4 అక్కడ 2010 జూన్, ఇక్కడ 2011 మే. ఇక్కడ కొత్తదని అమ్మేసరికి అక్కడ పాతబడేది. నష్టం వచ్చింది కాలానికి. 2008 నుంచి నాలుగేళ్ళు పోయాయి. ఆ నాలుగేళ్ళలో శాంసంగ్ ఆండ్రాయిడ్ ఫోన్లు ప్రతి షాపులోకీ వచ్చేశాయి, మేమే వేశాం వాటిని.

మధ్యలో ఒక ప్రయత్నం జరిగింది, దాన్ని చెప్పకపోతే అన్యాయం. ఐఫోన్ 4 వచ్చినప్పుడు ఎయిర్‌సెల్ కంపెనీ ఒక పథకం పెట్టింది. ఫోను పూర్తి ధర కట్టు, ఆ డబ్బు రెండేళ్ళపాటు నెలనెలా నీ బిల్లులో తిరిగి ఇచ్చేస్తాను అంది. గమనించారా? అప్పు తలకిందులైంది. అమెరికాలో కంపెనీ కస్టమర్‌కి అప్పిస్తే, ఇక్కడ కస్టమర్ కంపెనీకి అప్పిచ్చాడు! మనిషి మీద నమ్మకం లేనిచోట అప్పు అలాగే నడుస్తుంది. తెలివైన ఆలోచనే గానీ 34,500 ముందు చేతిలో ఉండాలి కదా. గేదె కొనే డబ్బు లేనివాడి గొడవ అది తీర్చలేదు.

తీర్చింది ఎవరు? బ్యాంకులు. 2012 నవంబరులో ఐఫోన్ 5 వచ్చేసరికి ఆపిల్ పద్ధతి మార్చింది. ఆపరేటర్ల మీద ఆధారపడటం తగ్గించి రెడింగ్టన్, ఇంగ్రామ్ మైక్రో అనే పెద్ద డిస్ట్రిబ్యూటర్ల ద్వారా మామూలు షాపుల్లోకి వదిలింది. ధర 45,500. 2008 నాటి 31 వేలకన్నా పద్నాలుగున్నర వేలు ఎక్కువ! మరి జనం కొన్నారే? ఎందుకు కొన్నారు? తాళం లేదు, ఏ సిమ్మైనా సరే. క్రెడిట్ కార్డు గీకితే నెలనెలా కట్టుకోవచ్చు. పాత ఫోను ఇస్తే కొంత తగ్గిస్తారు. మా షాపుల్లో అయితే కౌంటరు పక్కనే చిన్న టేబులు వేసుకుని ఫైనాన్స్ కంపెనీ కుర్రాడు కూర్చునేవాడు. ఫోను నచ్చిందా, రెండు ఫోటోలు, కరెంటు బిల్లు, బ్యాంకు చెక్కులు, అరగంటలో లోను. ఆ కుర్రాడి టేబులు రాకముందు నెలకి ఎన్ని ఖరీదైన ఫోన్లు పోయేవో, వచ్చాక ఎన్ని పోయాయో మా షాపులవాళ్ళని అడగండి. నాలుగేళ్ళు కష్టపడి ఆపరేటర్లు చేయలేని పని ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని వాడు చేశాడు. అమెరికాలో ఏటీ అండ్ టీ చేసిన పనే అది. ఫోను అమ్మడం కాదు, ఫోనుకి అప్పివ్వడం. ఇక్కడ ఆ పని ఆపరేటర్ చేతిలోంచి జారి బ్యాంకు చేతిలోకి పోయింది. ఆపరేటర్‌కి ఇక ఐఫోన్ లాంచ్‌లో పనేం మిగిలింది? ఫ్లెక్సీ కట్టడమే.

చివరికొచ్చాను, మాస్టారు గడియారం చూస్తున్నారు. ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను. ఆపరేటర్ ఫోను అమ్మడం మన దేశంలో అసలు కుదరదా? కుదిరింది. 2017లో జియోఫోన్ వచ్చింది. బటన్ల ఫోను, 4జీ. ఎంత? 1,500 రూపాయలు డిపాజిట్, మూడేళ్ళ తర్వాత ఫోను తిరిగిస్తే డబ్బు తిరిగిస్తామన్నారు. నెలకి 153 రూపాయలకి మాటలు, ఇంటర్నెట్. దానికీ తాళం ఉంది, జియో సిమ్ తప్ప వేరేది పనిచెయ్యదు. అయినా కోట్ల మంది కొన్నారు. మా కౌంటర్లలో ఆ తాళం గురించి అడిగిన మనిషి నాకు గుర్తులేడు. ఎందుకు అడుగుతాడు? గేదె వాళ్ళదే కదా.

సరే, ఇక ప్రశ్నలు. నీలం చొక్కా బాబు ఇందాకటి నుంచీ చెయ్యి ఎత్తే ఉంచాడు, ముందు అతనికివ్వండి మైకు.